జియాంట్4లో గుర్తు మార్చినా భ్రమణం కుదరకపోతే: డిటెక్టర్ నిరూపకాలను సరిచూసుకోవడం ఎలా?

నమస్కారం. మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. జియాంట్4లో, అంటే కణాలు డిటెక్టర్ గుండా ఎలా పోతాయో సిములేట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, బీము గొట్టం చుట్టూ 100 మి.మీ. వ్యాసార్ధంలో సిలికాన్ మాడ్యూళ్లను వలయంగా అమర్చారు. మొదట 4 మాడ్యూళ్లతో చేస్తే అంతా బాగుంది. 12కు పెంచగానే బొమ్మ చెదిరింది. కోణానికి ఋణ గుర్తు పెట్టగానే మళ్లీ కుదిరింది. ఆ తర్వాత ఒక్కో మాడ్యూలునూ దాని సొంత వై అక్షం మీద 10 డిగ్రీలు వాల్చి, దానికీ ఋణ గుర్తే పెట్టారు. ఓవర్‌ల్యాప్ పరీక్షలో తప్పేమీ రాలేదు, బొమ్మ కూడా బాగానే ఉంది. కానీ 0 డిగ్రీల దగ్గరి మాడ్యూలులో తప్ప మిగతా వాటిలో హిట్ల (కణాలు తగిలిన చోట్ల) స్థానాలు కాగితం మీది లెక్కతో కలవడం లేదు. జియాంట్4లో భ్రమణానికి ఏ గుర్తు సరైనది, ఏ సంప్రదాయం నడుస్తోందో ఖాయంగా తెలుసుకునే దారి ఏది అన్నది మీ సందేహం.

సూటి జవాబు: మీ గుర్తులు సరైనవే, వరుస తప్పింది. వస్తువును దాని చోట అమర్చే జీ4పీవీప్లేస్‌మెంట్‌కు రెండు రకాల కన్‌స్ట్రక్టర్లు (దాన్ని తయారుచేసే ఫంక్షన్లు) ఉన్నాయి. ఒకటి భ్రమణ మాత్రిక పాయింటర్‌నూ స్థానాన్నీ విడివిడిగా తీసుకుంటుంది. ఇందులో మీరిచ్చిన మాత్రిక నిరూపక చట్రానికి సంబంధించినది, వస్తువుకు కాదు. అంటే వస్తువు ఆ మాత్రిక విలోమం ప్రకారం తిరుగుతుంది. రెండోది భ్రమణం, స్థానం రెండూ కలిసి ఉండే జీ4ట్రాన్స్‌ఫార్మ్3డీని తీసుకుంటుంది. ఇందులో ఇచ్చిన మాత్రిక ఎలా ఉంటే వస్తువు అలాగే తిరుగుతుంది. మీరు వాడింది మొదటిది. ఒకే అక్షం మీద తిప్పినంత కాలం విలోమం అంటే గుర్తు మార్చడమే కాబట్టి మొదటిసారి మీ సవరణ పనిచేసింది. రెండు అక్షాలు వచ్చేసరికి గుర్తులతో పాటు వరుసను కూడా తిరగవేయాలి. మీరు ముందు వై, తర్వాత జెడ్ (బీము అక్షం) అనే పాత వరుసనే ఉంచి గుర్తులు మాత్రం మార్చారు.

మీరు చేయవలసింది ఇది. రెండో కన్‌స్ట్రక్టర్‌కు మారండి. మాత్రికలో ముందు రొటేట్‌వై 10 డిగ్రీలు, తర్వాత రొటేట్‌జెడ్ ఫై కోణం (వలయంలో మాడ్యూలు ఉన్న కోణం) పెట్టండి. రెండూ ధన గుర్తుతోనే. పాయింటర్ పద్ధతిలోనే ఉండాలనుకుంటే ముందు జెడ్ మీద −ఫై, తర్వాత వై మీద −10 పెట్టాలి. రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి. నేను మాత్రం కొత్తగా రాసే కోడులో మొదటి కన్‌స్ట్రక్టర్‌ను వాడను. ఆరు నెలల తర్వాత ఆ కోడు చదివేవాళ్లు ఆ ఋణ గుర్తు ఎందుకుందో ఊహించుకోవలసి వస్తుంది, ఎవరో ఒకరు "సరిదిద్దుతారు" కూడా. పైగా పాయింటర్ పద్ధతిలో మాత్రిక నకలు తీసుకోరు. ఒకే మాత్రికను లూపులో మార్చుకుంటూ పోతే మాడ్యూళ్లన్నీ చివరి కోణాన్నే చూపిస్తాయి. అదింకో తలనొప్పి.

ఇప్పుడు కారణం. మీరు గది మధ్యలో నిలబడి ఎడమకు 30 డిగ్రీలు తిరగండి. గదిలోని సామానంతా మీ చూపుకు కుడికి 30 డిగ్రీలు జరిగినట్టు ఉంటుంది. మీరు తిరిగారా, సామాను తిరిగిందా అన్నదే ఈ రెండు సంప్రదాయాల మధ్య తేడా. రెండూ న్యాయమైనవే. జియాంట్4 లోపల కణాన్ని నడిపించేటప్పుడు బయటి బిందువును మాడ్యూలు సొంత నిరూపకాల్లోకి మార్చడమే తరచుగా చేయవలసిన పని. దానికి సూటిగా పనికొచ్చే మాత్రిక చట్రం వైపుది. మొదటి కన్‌స్ట్రక్టర్ దాన్నే అడుగుతుంది. మనం డిజైన్ గీసేటప్పుడు ఆలోచించేది మాత్రం వస్తువు వైపు నుంచి. గొడవంతా ఈ రెండు ఆలోచనలు కలిసే చోట మొదలవుతుంది.

మీ 4 మాడ్యూళ్ల అమరిక ఎందుకు మోసం చేసిందో కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఈ ఉచ్చులో దాదాపు అందరూ పడతారు. తప్పు గుర్తుతో 90 డిగ్రీల దగ్గరి మాడ్యూలు +90కి బదులు −90 తిరిగింది. ఈ రెంటికీ తేడా సరిగ్గా 180 డిగ్రీలు. దీర్ఘచతురస్రపు పలకను 180 డిగ్రీలు తిప్పితే చూడటానికి అదే పలక. 0, 180 దగ్గర తేడాయే లేదు. కాబట్టి నాలుగూ బొమ్మలో చక్కగా కుదిరాయి. నిజానికి 90, 270 దగ్గరి మాడ్యూళ్లు అప్పటికే వెనక్కి తిరిగి ఉన్నాయి. బయటికి చూడవలసిన ముఖం లోపలికి చూస్తోంది, స్ట్రిప్పుల లెక్క అటునుంచి ఇటు వస్తోంది. 12 మాడ్యూళ్లు పెట్టాక 30 డిగ్రీల దగ్గరిది 60 డిగ్రీల తేడాతో అడ్డంగా నిలబడింది కాబట్టి మీకు కంటికి కనబడింది. అంటే తప్పు 12తో రాలేదు. 4తోనే వచ్చింది, 12 దాన్ని బయటపెట్టింది.

అందుకే నా మొదటి నియమం: సౌష్టవం ఉన్న వస్తువుతో సంప్రదాయాన్ని పరీక్షించకండి. పెట్టెకు, గొట్టానికి, వలయానికి ఎడమ కుడి తెలియవు. పరీక్ష కోసం ప్రతి మాడ్యూలులో ఒక మూలన చిన్న ఘనాన్ని అతికించండి. లోకల్, అంటే మాడ్యూలు సొంత, ఎక్స్, వై, జెడ్ మూడూ ధనంగా ఉండే మూల, మూడు దూరాలూ వేర్వేరుగా ఉండేలా చూడండి. దానికి ఎరుపు రంగు ఇవ్వండి. ఇక ఏ మాడ్యూలు ఎటు తిరిగిందో దాచుకోలేదు. నా బల్ల సొరుగులో ఇప్పటికీ ఒక అట్టముక్క ఉంటుంది. దాని మీద ఎర్ర సిరాతో ఎక్స్ బాణం, నీలి సిరాతో వై బాణం గీసి, ఒక మూల కత్తిరించి ఉంచాను. కొత్త విద్యార్థి ఎవరైనా వాల్చిన మాడ్యూలు గురించి అడిగితే కంప్యూటర్ తెరిచే ముందు ఆ అట్టను వాళ్ల చేతికిస్తాను. ముందు వాల్చి తర్వాత తిప్పమంటాను, మళ్లీ ముందు తిప్పి తర్వాత వాల్చమంటాను. రెండుసార్లూ కత్తిరించిన మూల ఎక్కడికి చేరిందో చూశాక వరుస గురించి నేను చెప్పవలసింది మిగలదు.

బొమ్మ ఎరుపు మూలతో సహా సరిగా ఉన్నా నేను అక్కడ ఆగను. రెండో నియమం: రన్ చేయకముందే కాగితం మీద ఒక సంఖ్య రాసుకోండి. మీ విషయంలోనే చూద్దాం. మాడ్యూలు లోకల్ ఎక్స్ వైపు పలచగా, జెడ్ వెంట 100 మి.మీ. పొడవుగా ఉంది. అంటే జెడ్ వైపు సగం పొడవు 50. ఆ చివరి అంచు మధ్య బిందువు (0, 0, 50)ను తీసుకోండి. వై మీద 10 డిగ్రీలు వాల్చితే అది (8.68, 0, 49.24) అవుతుంది. దీన్ని ఫై మేరకు తిప్పి, 100 మి.మీ. బయటికి జరిపితే, ఏ మాడ్యూలుకైనా ఆ బిందువు బీము అక్షానికి 108.68 మి.మీ. దూరంలో ఉండాలి. పన్నెండింటికీ ఇదే సంఖ్య రావాలి. 90 డిగ్రీల మాడ్యూలులో దాని స్థానం (0, 108.68, 49.24).

మీ ప్రస్తుత కోడు ఏం చేస్తోందో ఇప్పుడు లెక్క కట్టండి. వరుస తిరగబడలేదు కాబట్టి మాడ్యూలు ముందు జెడ్ మీద తిరిగి, తర్వాత బయటి వై అక్షం మీద వాలుతోంది. 0 డిగ్రీల దగ్గర లోకల్ వై, బయటి వై ఒకటే, అక్కడ 108.68 వస్తుంది. 90 డిగ్రీల దగ్గర బయటి వై అక్షం పలకకు లంబంగా ఉంది. అందువల్ల మాడ్యూలు వాలడం మానేసి, గోడకు వేలాడదీసిన పటం ఒరిగినట్టు తన తలంలోనే 10 డిగ్రీలు తిరుగుతుంది. మన బిందువు (8.68, 100, 49.24) దగ్గర ఉంటుంది, అక్షం నుంచి దూరం 100.38. 180 డిగ్రీల దగ్గర వాలు పూర్తిగా ఎదురు దిశకు పోయి దూరం 91.32 అవుతుంది. 108.68, 100.38, 91.32. ఈ మూడు సంఖ్యలు కనబడితే రోగం వరుసదేనని ఇక సందేహం అక్కరలేదు. విజువలైజేషన్ మామూలుగా +జెడ్ వైపు నుంచి చూపిస్తుంది. జెడ్ దిశలో వాలు ఎటు వైపుకో ఆ చూపులో సులువుగా తెలియదు. మీ మాడ్యూళ్ల మధ్య ఖాళీ ఉంది కాబట్టి ఓవర్‌ల్యాప్ కూడా రాలేదు. ఓవర్‌ల్యాప్ పరీక్ష రెండు వస్తువులు ఒకదానిలోకి ఒకటి చొరబడ్డాయా అనే ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. వస్తువు ఉండవలసిన చోట ఉందా అని దాన్ని ఎవరూ అడగలేదు.

ఈ సంఖ్యను ప్రోగ్రాము నుంచి రాబట్టడం సులువు. మూలబిందువు నుంచి ఒక్కో మాడ్యూలు మధ్యకు ఒక జియాంటినోను పంపండి. అది దేనితోనూ చర్య జరపని ఊహాకణం, అయస్కాంత క్షేత్రంలో కూడా తిన్నగా పోతుంది. హిట్లను నమోదు చేసే సెన్సిటివ్ డిటెక్టర్ ఫంక్షనులో ప్రీస్టెప్ పాయింట్ టచబుల్ నుంచి హిస్టరీని, దాని నుంచి టాప్ ట్రాన్స్‌ఫార్మ్‌ను తీసుకోండి. అది బయటి బిందువును లోకల్‌గా మార్చేది. దాని విలోమాన్ని (0, 0, 50) మీద ప్రయోగించి, వచ్చిన స్థానాన్ని, కాపీ నంబరును అచ్చు వేయించండి. పన్నెండు వరుసలు. అంతే పని. ఇక్కడ ఒక జాగ్రత్త: బిందువుకు ట్రాన్స్‌ఫార్మ్‌పాయింట్, దిశకు ట్రాన్స్‌ఫార్మ్‌యాక్సిస్ వాడాలి. కణం దిశ మీద మొదటిది ప్రయోగిస్తే మాడ్యూలు స్థానం కూడా దిశకు కలిసిపోయి అర్థంలేని సంఖ్యలు వస్తాయి.

జియాంటినోలను జనరల్ పార్టికల్ సోర్స్‌తో (కణాలను పుట్టించే జియాంట్4 సాధనంతో) పంపేవాళ్లకు మరో హెచ్చరిక. అందులో ఐసోట్రోపిక్ కోణ విభజన పెట్టినప్పుడు థీటా 0 అంటే కణం −జెడ్ వైపు ప్రయాణిస్తుంది. కోణం కణం వచ్చిన వైపును చెబుతుంది, పోయే వైపును కాదు. పరీక్షకు వాడే సాధనమే తలకిందులుగా ఉంటే ఒక తప్పు ఇంకో తప్పును కప్పేస్తుంది. దిశను నేరుగా ఇచ్చే మామూలు పార్టికల్ గన్ ఈ పనికి మేలు.

వరుస గురించి ఇంకొక్క మాట. రొటేట్‌వై, రొటేట్‌జెడ్ లాంటివి ఉన్న మాత్రికకు ఎడమవైపు గుణిస్తాయి. అంటే ప్రతి అడుగూ కదలని బయటి అక్షాల చుట్టూ జరుగుతుంది. నాకు అన్నిటికన్నా స్పష్టంగా అనిపించే రాత ఇంకొకటి ఉంది. జెడ్ మీద ఫై భ్రమణం, గుణించు ఎక్స్ వెంట 100 మి.మీ. జరపడం, గుణించు వై మీద 10 డిగ్రీల భ్రమణం. దీన్ని కుడి నుంచి ఎడమకు చదివితే, మాడ్యూలును వాల్చి, బయటికి జరిపి, ఆపైన చుట్టూ తిప్పాం అని మన డిజైన్ భాషలోనే ఉంటుంది. సైన్లు కొసైన్లతో స్థానాన్ని విడిగా లెక్కించే పనే ఉండదు. స్థానం ఒక గుర్తుతో, భ్రమణం ఇంకో గుర్తుతో పోయే ప్రమాదమూ ఉండదు. చిన్న కోణాలైతే వరుస తప్పినా ఏం కాదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 10 డిగ్రీలు, 5 డిగ్రీల రెండు వాలుల వరుస మారితే తేడా సుమారు 0.87 డిగ్రీలు. 50 మి.మీ. దూరంలో అది దాదాపు 0.76 మి.మీ. సిలికాన్ డిటెక్టర్లు కొలిచేది మైక్రాన్లలో.

బూలియన్ ఘనాలకు, అంటే కలపడం, తీసివేయడం చేసే వాటికి కూడా ఇవే రెండు కన్‌స్ట్రక్టర్లు, ఇదే తేడా. పారామీటరైజ్డ్ వాల్యూములలో (కాపీ నంబరును బట్టి స్థానం మారే వాటిలో) సెట్‌రొటేషన్‌కు ఇచ్చేది కూడా చట్రం వైపు మాత్రికే. ఫై దిశలో రెప్లికాలు (ఒక వాల్యూమును నింపే సమాన ముక్కలు) చేస్తే ఒక్కో ముక్కకు లోకల్ ఎక్స్ అక్షం ఆ ముక్కను సరిగ్గా రెండుగా చీలుస్తూ ఉంటుంది. కార్టీసియన్ అక్షం వెంట చేసే రెప్లికాలలో భ్రమణమే ఉండదు, లెక్క ఋణ చివర నుంచి మొదలవుతుంది.

భ్రమణం తర్వాత ఎక్కువ మందిని ముంచేవి కొలతలు. జీ4బాక్స్ తీసుకునేవి సగం పొడవులు. జామెట్రీని రాసి ఉంచే జీడీఎంఎల్ ఫైలులో అదే పెట్టెకు పూర్తి పొడవులు ఇవ్వాలి. నా దగ్గరికి ఒకసారి 10 మి.మీ. మందం ప్లాస్టిక్ సింటిలేటర్ లెక్క వచ్చింది. అందులో మ్యూయాన్ సగటున 4 ఎంఈవీ చొప్పున శక్తి వదులుతోంది. కనిష్ఠంగా అయనీకరించే కణం ఆ పదార్థంలో సెంటీమీటరుకు సుమారు 2 ఎంఈవీ వదలాలి. జామెట్రీ ఫైలు తెరవకుండానే మందం రెట్టింపు అయిందని చెప్పగలిగాను. 10 అని రాసినచోట 5 ఉండాలి. భౌతికశాస్త్రం మనకు ఉచితంగా ఇచ్చే ఇలాంటి కొలబద్దలను వదులుకోకండి.

గొట్టం ముక్క విషయంలో ఇంకో తేడా. జియాంట్4లో మొదలయ్యే కోణం, ఆ తర్వాత ఎంత మేరకు అన్నది ఇస్తాం. రూట్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్ జామెట్రీలో మొదలు కోణం, ముగింపు కోణం ఇస్తాం. 30 నుంచి 60 డిగ్రీల ముక్కను రూట్ నుంచి చూసి అలాగే 30, 60 అని జియాంట్4లో రాస్తే ముక్క 30 నుంచి 90 దాకా పరుచుకుంటుంది. పక్కన ఇంకో ముక్క ఉంటే ఓవర్‌ల్యాప్ పరీక్ష పట్టేస్తుంది, ఒంటరి ముక్క అయితే పట్టదు. ప్రమాణాలూ అంతే. జియాంట్4 లోపలి పొడవు ప్రమాణం మి.మీ., కోణం రేడియన్. రూట్ జామెట్రీ అలవాటుగా సెం.మీ.లు, డిగ్రీలు తీసుకుంటుంది. జీడీఎంఎల్‌లో ప్రమాణం రాయకపోతే మి.మీ., రేడియన్. ఇంజనీర్లు 3డీ ఆకారాలకు పంపే ఎస్‌టీఎల్ ఫైలులో అసలు ప్రమాణమనేదే ఉండదు, త్రిభుజాల సంఖ్యలు మాత్రమే ఉంటాయి. ఏ ఫైలు చేతికొచ్చినా అందులో ఒక తెలిసిన పొడవును కొలిచి చూడందే వాడకండి.

ఎండ్‌క్యాప్‌ల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. డిటెక్టర్‌కు రెండు చివరలా 12 సెక్టార్ల డిస్కులు. సెక్టార్లకు 0 నుంచి 11 దాకా అంకెలు, 0వ సెక్టారు ఎక్స్ దిశలో, ఒక్కోటి 30 డిగ్రీలు. +జెడ్ వైపు డిస్కును రాసి, −జెడ్ వైపు డిస్కు కోసం దాన్నే వై అక్షం మీద 180 డిగ్రీలు తిప్పి పెట్టాను. బొమ్మలో రెండూ కవలల్లా ఉన్నాయి. కానీ అలా తిప్పినప్పుడు ఫై కోణం 180 నుంచి ఫై తీసివేసినంత అవుతుంది. 2వ సెక్టారు 4వ సెక్టారు చోటికి, 1వది 5వ దాని చోటికి పోతాయి. 3, 9 సెక్టార్లు మాత్రం కదలవు, ఎందుకంటే అవి నిట్టనిలువుగా పైనా కిందా ఉన్నాయి. మేము అప్పుడు పరీక్షకు వాడిందేమో విశ్వకిరణ మ్యూయాన్లు. అవి ఎక్కువగా పై నుంచి కిందికే వస్తాయి, 9, 3 సెక్టార్లలోనే ఎక్కువగా పడతాయి. సిములేషన్, అసలు దత్తాంశం చక్కగా కలిశాయి. పక్క సెక్టార్లలో అప్పుడప్పుడు కనబడే తేడాను కేబుల్ తప్పుగా కలపడం అనుకున్నాం. చివరికి డిస్కు ముందు నిలబడి, ఒక కేబుల్‌కు అతికించిన చీటీ మీద 4 అని చదివి, చేతిలోని సిములేషన్ పటంలో అదే చోట 2 అని చూసినప్పుడు గానీ విషయం అర్థం కాలేదు.

కాబట్టి ఎండ్‌క్యాప్‌కు రెండో దాన్ని తిప్పారా, అద్దంలో ప్రతిబింబంలా చేశారా అన్నది ముందే తేల్చుకోండి. అసలు డిటెక్టర్‌లో ఒకే మూసలో చేసిన రెండు డిస్కుల్లో ఒకదాన్ని తిప్పి బిగిస్తే సిములేషన్‌లోనూ తిప్పడమే న్యాయం, ఏ అక్షం మీద తిప్పారో కూడా అదే ఉండాలి. ఎక్స్ మీద తిప్పితే ఫై గుర్తు మారుతుంది, వై మీద తిప్పితే పైన చెప్పినట్టు అవుతుంది, రెండూ ఒకటి కాదు. నిజంగా ఎడమ కుడి మారిన జంటగా తయారుచేస్తే జియాంట్4లోని రిఫ్లెక్షన్ ఫ్యాక్టరీ ద్వారా పెట్టాలి. మాత్రిక నిర్ధారకం +1 అయితే భ్రమణం, −1 అయితే ప్రతిబింబం. నేను ఇప్పుడు ప్రతి మాత్రికకూ ఆ సంఖ్యను అచ్చు వేయిస్తాను. పరీక్షకు వాడే కిరణాలు కూడా ఏటవాలుగా ఉండాలి. సౌష్టవ తలంలో పోయే కణం సౌష్టవ దోషాన్ని ఎన్నటికీ చూపించదు.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. మీ సమూహంలో ఎవరైనా "సవ్యదిశలో లెక్కపెట్టాం" అంటే, ఎటు నుంచి చూసి అని వెంటనే అడగండి. గుడి చుట్టూ చేసే ప్రదక్షిణ పై నుంచి చూస్తే సవ్యదిశ. జెడ్ పైకి ఉందనుకుంటే గణితంలో అది ఋణ దిశ. అదే ప్రదక్షిణను నేల కింద నుంచి చూడగలిగితే అపసవ్యం. డిస్కుకు ముందు నిలబడి కేబుళ్లు బిగించే టెక్నీషియన్, +జెడ్ నుంచి చూసే మీరు ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతూ ఉండవచ్చు. పటం మీద "బీము కేంద్రం నుంచి చూస్తే" అనో "బయటి నుంచి చూస్తే" అనో రాసి ఉంచండి.

అయస్కాంత క్షేత్రానికి విడిగా పరీక్ష పెట్టండి. క్షేత్రం +జెడ్ దిశలో ఉంటే, ఎక్స్ దిశలో పంపిన ధన మ్యూయాన్ −వై వైపు వంగాలి. 1.5 టెస్లాలో 1 జీఈవీ ద్రవ్యవేగం ఉన్న (గతిశక్తి కాదు) మ్యూయాన్ వృత్త వ్యాసార్ధం సుమారు 2.22 మీటర్లు. పదార్థమేమీ లేకుండా ఎక్స్ వెంట ఒక మీటరు పోయేసరికి అది దాదాపు 24 సెం.మీ. −వై వైపు ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో క్షేత్రం గుర్తు, ప్రమాణం రెండూ తేలిపోతాయి. క్షేత్ర పటాలు గాస్‌లలో, సెం.మీ.లలో రావడం మామూలే. చాలామందికి తెలియని విషయం: ఒక వాల్యూముకు మాత్రమే స్థానికంగా క్షేత్రాన్ని తగిలించినా, జియాంట్4 మీ ఫంక్షనుకు ఇచ్చే బిందువు ప్రపంచ నిరూపకాల్లోనే ఉంటుంది, మీరు తిరిగి ఇచ్చే క్షేత్రమూ వాటిలోనే ఉండాలి. అయస్కాంతం జెడ్ 3 మీటర్ల దగ్గర, కొంత తిరిగి ఉంటే, బిందువును పటం చట్రంలోకి తెచ్చి, విలువ చదివి, ఆ సదిశను మళ్లీ వెనక్కి తిప్పే బాధ్యత మీదే.

చివరిగా, ప్రయోగం మొత్తానికి ఉండే నిరూపకాలు. మీ జామెట్రీ లోపల పొందికగా ఉన్నా, బయటివాళ్ల నిరూపకాలతో కలవాలి. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ కొలైడర్ మీద సీఎంఎస్, అట్లాస్, ఆలిస్ అనే డిటెక్టర్లు ఉన్నాయి. సీఎంఎస్‌లో మూలబిందువు తాకిడి కేంద్రం, ఎక్స్ ఎల్‌హెచ్‌సీ వలయం కేంద్రం వైపు, వై పైకి, జెడ్ అపసవ్య దిశలో తిరిగే బీము వెంట. అట్లాస్‌లోనూ ఎక్స్ వలయం కేంద్రం వైపు, వై పైకి. ఆలిస్‌లో మ్యూయాన్ స్పెక్ట్రోమీటర్ ఋణ జెడ్ వైపు ఉంది, ఈటా (బీముతో చేసే కోణాన్ని చెప్పే సంఖ్య) −4 నుంచి −2.5 దాకా. అయినా వాళ్ల పత్రాల్లో చాలాసార్లు 2.5 నుంచి 4 అని ధన సంఖ్యలతో ఫలితాలు కనిపిస్తాయి. అది వాళ్లు చెప్పి మరీ చేసిన ఎంపిక. చూసుకోకుండా పోల్చితే డిటెక్టర్ లేని చోట హిట్లు వెతుకుతాం. హాంబర్గ్‌లో 1992 నుంచి 2007 దాకా నడిచిన హెరా అనే ఎలక్ట్రాన్-ప్రోటాన్ కొలైడర్‌లో +జెడ్ అంటే ప్రోటాన్ బీము దిశ. ఎలక్ట్రాన్ దిశను +జెడ్‌గా తీసుకునే జనరేటర్‌తో (తాకిడులను పుట్టించే ప్రోగ్రాముతో) కలిపితే మొత్తం ఘటన అటు ఇటు అవుతుంది.

విశ్వకిరణాల మీద పనిచేసేవాళ్లు కార్సికా అనే సిములేషన్ ప్రోగ్రాము నుంచి కణాల జల్లులను తెచ్చుకుంటారు. అందులో ఎక్స్ అయస్కాంత ఉత్తరం, వై పడమర, జెడ్ పైకి. అజిముత్ (క్షితిజ తలంలోని కోణం) కణం పోయే దిశకు సంబంధించినది. అంటే 0 డిగ్రీల జల్లు దక్షిణం నుంచి వచ్చి ఉత్తరానికి పోతోంది. ఆకాశంలో ఎటు నుంచి వచ్చిందని చెప్పే ఖగోళ లెక్కకు ఇది 180 డిగ్రీల తేడా. సర్వే పటమేమో ఎక్స్ తూర్పుకు, వై భౌగోళిక ఉత్తరానికి పెట్టి ఇస్తుంది. ఊటీలోని గ్రేప్స్-3 లాంటి ప్రయోగాల దత్తాంశంతో మొదటిసారి పనిచేసే విద్యార్థులకు ఈ మూడింటినీ ఒకే కాగితం మీద బాణాలతో గీయమని నేను గట్టిగా చెబుతాను.

మీ విషయానికి తిరిగి వస్తే, ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందుగా ఏ మార్పూ చేయకుండా, ఇప్పుడున్న కోడుతోనే 0, 90, 180 డిగ్రీల మాడ్యూళ్లకు (0, 0, 50) బిందువు బయటి స్థానాన్ని అచ్చు వేయించండి. తర్వాత రెండో కన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ చూడండి. మొదటిసారి 108.68, 100.38, 91.32, రెండోసారి మూడూ 108.68 రావాలి. అలా వస్తే ఆ అచ్చు వేసే కోడును తీసేయకుండా, దూరం 0.01 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే ప్రోగ్రాము ఆగిపోయేలా మార్చి అక్కడే ఉంచండి. రేపు ఇంకెవరో వ్యాసార్ధమో వాలో మార్చినప్పుడు అది పనికొస్తుంది. వేరే సంఖ్యలు వస్తే ఆ మూడు స్థానాలను పూర్తిగా, ఎక్స్, వై, జెడ్ మూడింటితో ఇక్కడ రాయండి. మాడ్యూలు సగం పొడవులు కూడా కలపండి. 90 డిగ్రీల మాడ్యూలు ఎక్కడికి పోయిందో చూస్తే మిగతాది చెప్పగలను.